బ్లేడ్లు విప్పిన రాత్రి

మొదటి నియమం: బ్లేడ్లు విప్పాలి.
ముసలి కెన్రిక్ నేలమీద వెల్లకిలా పడుకుని
ఒక్కో యంత్రం పొట్టకింద టార్చి వేసి చూస్తాడు.
పళ్ళ డాక్టరులా "ఊఁ" అంటాడు,
బానెట్ మీద తెల్లరంగు చుక్క పెడతాడు.
పచ్చిక కోయడానికి పుట్టినవన్నీ
ఈ ఒక్క రాత్రికి బోసినోళ్ళతో పరిగెడతాయి.

హెర్‌ఫర్డ్‌షైర్‌లో కోతయిపోయిన ఓ పొలం.
ఎండుగడ్డి మోపులే గోడలు, నాలుగు జనరేటర్ దీపాలే చంద్రుళ్ళు.
మూలన మడతబల్ల ముందు నేను,
లాపులు లెక్కపెట్టేవాణ్ణి:
నాలుగు నిలువు గీతలు, ఒక అడ్డగీత.
పన్నెండు గంటలు, మూడు పెన్సిళ్ళు, ఒక ఫ్లాస్కు.
నాకు రేసంటే ఇంతే,
మనుషులు నా ముందునుంచి పోవడం, మళ్ళీ రావడం.

పదిహేడో నంబరు డెలిత్ ప్రోసర్.
ముప్పై ఏళ్ళు బడి బస్సు నడిపిన మనిషి.
ఆమె మలుపు తిరిగే తీరు చూస్తే
వెనక సీట్లలో ఇంకా పిల్లలున్నట్టే ఉంటుంది;
తల తిప్పకుండానే గడ్డి పెట్టగలదు.
నలభైనాలుగు, ఆమె పక్కింటి ఐడ్రిస్ టడ్జ్.
ఈ ఇద్దరి మధ్యా పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది.
మాటవరసకి అనడం లేదు. గడ్డి నిజంగానే ఉంది:
రెండిళ్ళ నడుమ ఎనిమిదడుగుల పట్టీ,
ఎవరిదో పత్రాల్లో తేలలేదు.
పంతొమ్మిదేళ్ళుగా ఎవరూ కోయలేదు.
ముళ్ళకంప మొలిచింది, ముళ్ళపంది కాపురం పెట్టింది,
ఎవరిదో టెన్నిస్ బంతి అందులో పడి మళ్ళీ కనబడలేదు.
ఊళ్ళోకెల్లా మంచి కోతయంత్రాలు రెండూ
ఆ రెండిళ్ళలోనే ఉన్నాయి.

రాత్రి ఎనిమిదికి జెండా ఊగింది.
కుర్చీలకి స్ప్రింగులుండవు,
నడుము ప్రతి గుంతనీ పేరుపెట్టి పిలుస్తుంది.
మణికట్టుకి ఒక తాడు, మనిషి పడితే ఇంజను ఆగాలని.
గంటకి నలభై మైళ్ళంటే వినడానికేం ఉంది,
నేలకి జానెడెత్తున కూర్చుని చూడాలి.
పన్నెండింటికి మంచుకురిసి దుమ్ము బురదైంది.
ఒంటిగంటకి, పశువులాసుపత్రి నర్సు టాబిథా
గడ్డిమోపులో దూరి
నవ్వుతూ బయటికొచ్చింది, ఒంటి బూటుతో.
గెలిస్తే ఏమిస్తారని అడక్కండి.
ఒక కప్పు. దానికి ఒక చెవి లేదు.
మిగతా డబ్బంతా బేరింగులు తినేస్తాయి.

రెండూ ఇరవైకి పదిహేడు రాలేదు.
నా పెన్సిలు గాలిలో ఆగింది.
రెండో మలుపు దగ్గర, దీపం అందీ అందని చోట
డెలిత్ మోకాళ్ళమీద ఉంది,
చేతిలో తెగిన బెల్టు, చచ్చిన పాములా.
నలభైనాలుగు వచ్చింది. దాటిపోయింది.
గీత గీశాను.
మళ్ళీ వచ్చింది, ఈసారి నెమ్మదిగా.
ఆగలేదు సుమా.
నల్లటి చుట్ట ఒకటి ఎగిరొచ్చి ఆమె ఒళ్ళో పడింది.
ఆమె ఏమన్నా అందో లేదో,
అన్నా ఆ మోతలో ఎవరికి వినబడాలి?
ఆ లాపు అతనికి పద్దెనిమిది సెకన్లు ఎక్కువ పట్టింది.
ఎందుకో రాద్దామంటే
నా కాగితంలో దానికి గడి లేదు.

పొద్దున ఎనిమిదికి అన్నీ ఒక్కసారే ఆగాయి.
కాకి అరిస్తే అందరం ఉలిక్కిపడ్డాం.
పదిహేడుది తొమ్మిదో స్థానం. నలభైనాలుగుది పదో స్థానం.
తేడా పదకొండు సెకన్లు.
లెక్క తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే,
టీ తాగి ఇంటికి పోయాను.

సోమవారం బ్లేడ్లు మళ్ళీ బిగించుకున్నారు.
కుక్కతో ఆ దారిన పోతూ చూశాను:
ఆ పట్టీలో ఆమె వైపునుంచి ఒక వరస కోసి ఉంది,
అతని వైపునుంచి ఒక వరస.
నడుమ మూడడుగులు ముళ్ళపందికి వదిలేశారు.
మాటలైతే లేవు.
అతని గేటుకి మాత్రం కొత్త బెల్టొకటి వేలాడుతోంది,
దుకాణం చీటీ ఊడదీయకుండా,
ధర రోడ్డువైపుకి కనబడేలా.